ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోంచి ఆయిల్ కారుతోంది, బావేమో ఏం కాదంటాడు, సర్వీస్ సెంటర్ వాళ్ళేమో బోరంటారు

ఈసారి ఉత్తరం మన విశాఖ గాజువాక నుంచి వచ్చింది. పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యను. నాలుగు పేజీలు రాసాడు, అందులో సగం బండి గొడవ, సగం ఇంటి గొడవ, రెండూ పెనవేసుకుపోయి ఉన్నాయి కాబట్టి ముందు సంగతేంటో నా మాటల్లో చెప్పేస్తాను.

ఇతనిది 2018 మోడల్ 150 సీసీ బండి, ఎయిర్ కూల్డ్, కార్బురేటర్‌ది. 48 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ గాజువాక నుంచి పరవాడ ఫార్మా సిటీకి షిఫ్ట్ డ్యూటీకి దీని మీదే వెళ్ళొస్తాడు. బండి కొన్నప్పటి నుంచీ పనంతా వాళ్ళ బావ, అంటే సొంత అక్క భర్త చూసుకుంటున్నాడు, ఆయనకి కూర్మన్నపాలెం వైపు చిన్న మెకానిక్ షెడ్డుంది, ఇన్నేళ్ళలో బామ్మర్ది దగ్గర లేబర్ కింద రూపాయి తీసుకోలేదు. రెండు నెలల కిందట బండి పెట్టిన చోట నల్లగా చుక్కలు కనపడ్డాయి. చూస్తే ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున వేలాడే చిన్న ట్యూబ్‌లోంచి ఇంజిన్ ఆయిల్ కారుతోంది, మూత విప్పితే ఫిల్టర్ కింది సగం ఆయిల్లో నానిపోయి ఉంది. బావకి చూపిస్తే "ఏటీ అవదురా, పాత బండన్నాక ఆ మాత్రం కారతాది" అని చెప్పి ఆ ట్యూబ్ చివర ఉన్న రబ్బరు ప్లగ్ పీకేసాడు, లోపల నిలవకుండా కిందకి పోతుందని. అక్కడ్నుంచి ఆయిల్ వెనక టైరు మీద పడ్డం మొదలైంది. ఒకరోజు రాత్రి వానలో షీలానగర్ దగ్గర బ్రేక్ కొడితే వెనక చక్రం పక్కకి జారింది, వెనకాల భార్య కూర్చుని ఉంది, ఎలాగో కాలు ఆన్చి ఆపుకున్నాడు. భయపడి మర్నాడే బావకి చెప్పకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాడు, వాళ్ళు మూత తీసి చూసి, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోయాయి, బోరు కిట్ అంటే సిలిండరూ పిస్టనూ రింగులూ మొత్తం మార్చాలి, 11,500 అవుతుంది అన్నారు. ఈ సంగతి బావకి ఎలాగో తెలిసింది. ఆయన ఒక్క మాటా అనలేదు గానీ ఫోన్ ఎత్తడం మానేసాడు, అక్క మాత్రం ఫోన్ చేసి "మా ఆయన పని మీద నమ్మకం లేకపోతే ముందే చెప్పాల్సింది" అంది, అమ్మ అక్క వైపు, భార్యేమో ఆ బండి అమ్మిపారేయమంటుంది. "అన్నా, ఎవరి మాట నమ్మమంటావు?" అని అడిగాడు.

తమ్ముడూ, అన్నా అన్నావు కాబట్టి నువ్వనే అంటాను, ఏమనుకోకు.

ముందు టైరు సంగతి చూడు, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు. ఈరోజే గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బూ బ్రష్షూ తీసుకుని వెనక టైరు చుట్టూ బాగా రుద్ది కడుగు, టైరు పక్కలు కూడా వదలకు, ఎందుకంటే మలుపులో బండి వంగినప్పుడు నేలకి తగిలేది ఆ పక్కే. వెనక డిస్క్ బ్రేక్ అయితే డిస్క్ మీద, ప్యాడ్ల మీద ఆయిల్ తడుందేమో చూడు, ప్యాడ్ ఆయిల్ పీల్చేసి ఉంటే అది కడిగినా పట్టు రాదు, మార్చాల్సిందే. తర్వాత ఆ ట్యూబ్‌కి ప్లగ్ పెట్టు, స్పేర్ పార్టుల షాపులో పది ఇరవై రూపాయలకి దొరుకుతుంది, ఈలోపు సరిపోయే బోల్టు ఒకటి దూర్చి పైన క్లిప్ బిగించినా పర్లేదు. ప్లగ్ పెట్టేసాక రెండు మూడు రోజులకోసారి ప్లగ్ తీసి డబ్బా అడుగున చేరింది ఒక సీసాలోకి వంచేసుకో. ఇంతవరకూ చేసేసరికి ప్రాణం మీద ప్రమాదం పోతుంది, ఇంక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

ఆ ప్లగ్ గురించి ఇంకొక మాట చెప్పాలి, ఇది మీ బావకి కూడా తట్టి ఉండదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా లోపల రెండు భాగాలుంటాయి, ఫిల్టర్‌కి అవతల బయటి దుమ్ము గాలి, ఇవతల వడకట్టిన గాలి. ఇంజిన్ లోపలి గాలిని బయటకి వదిలే బ్రీదర్ పైపు చాలా బళ్ళలో ఈ వడకట్టిన వైపుకే కలుస్తుంది, ఆ ట్యూబ్ కూడా అక్కడి అడుగు నుంచే కిందకి దిగుతుంది. అలాంటి బండికి ప్లగ్ పీకేస్తే ఆ ట్యూబ్ ఆయిల్ వదిలే కన్నమే కాదు, గాలి పీల్చే కన్నం కూడా అయిపోతుంది. ఫిల్టర్ తగలని గాలి తిన్నగా ఇంజిన్‌లోకి పోతుంది. నువ్వు తిరిగే రోడ్డు ఏదో గుర్తు తెచ్చుకో, ఆ లారీల వెనక వెళ్తే చొక్కా కాలరు ఒక్కరోజులో ఏ రంగుకి వస్తుందో నీకే తెలుసు. ఆ దుమ్మే సిలిండర్‌లోకి పోయి రింగుల్ని గరుకు కాయితంలా అరగదీస్తుంది. అంటే ఇవాళ రింగులు బాగానే ఉన్నా ఆ ప్లగ్ లేకుండా ఒక సంవత్సరం తిరిగితే సర్వీస్ సెంటర్ వాళ్ళు చెప్పిందే నిజమైపోవచ్చు.

ఇప్పుడు అసలు ఆయిల్ అక్కడికెందుకు వస్తుందో చెప్తాను, ఇది తెలిస్తే ఎవర్ని నమ్మాలన్న ప్రశ్నే సగం తగ్గిపోతుంది.

పిస్టన్ కిందకి దిగిన ప్రతిసారీ దాని కింద ఇంజిన్ పెట్టెలో ఉన్న గాలి నొక్కుకుపోతుంది. దానికి తోడు పెట్రోలు మండినప్పుడు పుట్టే గ్యాస్ కొంచెం రింగుల సందుల్లోంచి కిందకి జారుతుంది, కొత్త బండిలో కూడా జారుతుంది. ఈ గాలీ గ్యాసూ బయటకి పోకపోతే ఆయిల్ సీళ్ళు తన్నుకుని ఊడొస్తాయి కాబట్టి బ్రీదర్ పైపు అని ఒక దారి పెట్టారు. పాత రోజుల్లో ఆ పైపుని కిందకి రోడ్డు మీదకి వదిలేసేవారు, ఇప్పుడు పొల్యూషన్ రూల్సు ఒప్పుకోవు, అందుకని ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి కలుపుతారు, ఆ గ్యాస్ మళ్ళీ ఇంజిన్‌లోకే పోయి మండిపోవాలని. గ్యాస్‌తో పాటు ఆయిల్ తుంపర కూడా కాస్త వస్తుంది, అది డబ్బా గోడలకి అంటుకుని అడుగుకి చేరి ఆ ట్యూబ్‌లో నిలుస్తుంది. ట్యూబూ ప్లగ్గూ ఉన్నది అందుకే. అంటే సర్వీసుకి సర్వీసుకి మధ్య ఒకటి రెండు చెంచాల ఆయిల్ అందులో కనపడ్డం రోగం కాదు, ఆ మాత్రం వరకూ మీ బావ చెప్పింది కరెక్టే. ఫిల్టర్ సగం నానిపోయి టైరు మీద కారుతుందంటే మాత్రం కరెక్ట్ కాదు.

తుంపర అంత ఎక్కువ రావడానికి కారణాలు బోలెడున్నా నేను వరసలో మొదట చూసేది ఒక్కటే, ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుంది అని. ఎక్కువుంటే ఏమవుతుందో మజ్జిగ చిలికే ఇంట్లో పుట్టిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. కుండ సగానికి ఉంటే కవ్వం హాయిగా తిరుగుతుంది, అంచు దాకా పోసి చిలికావనుకో, నురగ లేచి చుట్టూ చిందుతుంది. ఇంజిన్‌లో పిస్టన్ తిప్పే క్రాంక్ నిమిషానికి కొన్ని వేల సార్లు తిరిగే కవ్వం. ఆయిల్ లెవెల్ పెరిగి దానికి అందిందంటే చిలికి చిలికి నురగ చేసి బ్రీదర్‌లోకి తోసేస్తుంది. పైగా నురగలో గాలుంటుంది కదా, అలాంటి ఆయిల్ బేరింగుల దగ్గర సరిగ్గా పని చెయ్యదు, బండి బరువుగా లాగుతున్నట్టుంటుంది, వేడెక్కుతుంది.

ఇక్కడే నీ ఉత్తరం మూడో పేజీకి వస్తాను. బావ ఎంత మంచివాడో చెప్పడానికి నువ్వు ఒక మాట రాసావు, "మా బావ ఖర్చుకి వెనకాడడు అన్నా, రెండున్నర వేల కిలోమీటర్లకే ఆయిల్ మార్చేస్తాడు, 1.2 లీటర్ల డబ్బా తెప్పించి చుక్క మిగల్చకుండా పోస్తాడు, మధ్యలో వెళ్ళినా సైడ్ స్టాండ్ మీదే డిప్ స్టిక్ తీసి చూసి తక్కువుంటే ఇంకాస్త పోస్తాడు" అని. చదవగానే నవ్వొచ్చింది తమ్ముడూ, ఎందుకంటే నువ్వు పొగడ్త అనుకుని రాసిన వాక్యంలోనే జవాబుండే అవకాశం చాలా ఎక్కువ.

చాలా 150 సీసీ బళ్ళకి ఆయిల్ మార్చినప్పుడు పట్టేది లీటరు, దానికి కాస్త అటూ ఇటూ. నీ బండికి ఎంతో మాన్యువల్లో ఉంటుంది, చాలా బళ్ళకి ఇంజిన్ కవర్ మీద కూడా అచ్చు పోసి ఉంటుంది. మాన్యువల్లో రెండు అంకెలుంటాయి చూడు, ఒకటి మామూలుగా ఆయిల్ మార్చినప్పుడు పొయ్యాల్సింది, రెండోది ఇంజిన్ మొత్తం విప్పి కట్టినప్పుడు పొయ్యాల్సింది, రెండోది పెద్దది, ఎందుకంటే డ్రెయిన్ బోల్ట్ విప్పినా మూలల్లో కొంత పాత ఆయిల్ ఉండిపోతుంది. పెద్ద అంకె చూసి ఆ సైజు డబ్బా మొత్తం పోసేయడం చాలా షెడ్లలో జరిగే పనే, ఆయిల్ ఎక్కువుంటే ఇంజిన్‌కి మంచిదేగా అన్న నమ్మకం ఒకటి. ఇంక సైడ్ స్టాండ్ సంగతి. సైడ్ స్టాండ్ వేస్తే బండి ఎడమకి వాలుతుంది, డిప్ స్టిక్, అంటే ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, చాలా బళ్ళకి కుడి వైపు ఉంటుంది, ఆయిలంతా ఎడమకి పోయి కుడి వైపు తక్కువ చూపిస్తుంది. సరిగ్గా ఉన్న ఆయిల్ కూడా తక్కువే అనిపిస్తుంది. దాని మీద ఇంకాస్త పోస్తే, ముందే ఎక్కువైంది ఇంకా ఎక్కువవుతుంది.

రింగులు పోయుంటే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి కదా, లేకపోతే నేను కూడా చూడకుండా తీర్పు చెప్పినట్టే. రింగులు అరిగితే ఆయిల్ పైకెక్కి మండుతుంది, సైలెన్సర్లోంచి నీలంగా పొగొస్తుంది, ముఖ్యంగా వేడెక్కిన బండికి యాక్సిలరేటర్ గట్టిగా ఇచ్చినప్పుడు. పికప్ పడిపోతుంది, స్పార్క్ ప్లగ్ నల్లగా జిడ్డుగా తడిగా ఉంటుంది, ఆయిల్ మార్చిన వెయ్యి కిలోమీటర్లకే లెవెల్ దిగిపోతుంది. పొద్దున్న మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు మాత్రం ఒక్క బుస్సు నీలం పొగొచ్చి ఆగిపోతే అది రింగులు కాదు, వాల్వ్ సీళ్ళు, అది బోరు కంటే చిన్న పని. నువ్వేమో గత చలికాలంలో ఫ్రెండ్స్‌తో అరకు వెళ్ళామని, అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు బండి బాగానే లాగిందని, వెనకాల వచ్చిన ఫ్రెండు పొగ సంగతేమీ చెప్పలేదని రాసావు. ఘాట్ మీద సెకండ్ గేర్లో ఇంజిన్ అరుస్తూ ఎక్కినప్పుడు పొగ రాలేదంటే అప్పటికి రింగులు బాగున్నట్టే. ఆ తర్వాత ప్లగ్ లేకుండా తిరిగింది రెండు నెలలే. బోరు అనడానికి నాకైతే ఆధారం కనపడ్డం లేదు, అలాగని చూడకుండా కొట్టిపారేయను, పరీక్ష ఉంది, కిందకొస్తాను.

ఈ బోరు విషయంలో నేను చెయ్యి కాల్చుకున్నవాణ్ణే. చాలా ఏళ్ళ కిందట నా పాత బండికి ఇలాగే డబ్బాలో ఆయిల్ వస్తుంటే ఒక షెడ్డులో బోరన్నారు, సరే అని నెల జీతంలో మూడో వంతు పోసి చేయించాను, కొత్త పిస్టన్ వేసారు, పది రోజులు మురిసిపోయాను, పదకొండో రోజు మళ్ళీ కారింది. ఆఖరికి చూస్తే బ్రీదర్ పైపు ట్యాంకు కింద మడతపడి నలిగిపోయి ఉంది, పైపు ఖరీదు నలభై రూపాయలు.

సరే, ఆదివారం పొద్దున్న ఒక గంట కేటాయించు. బండిని సమానంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వెయ్యి, అపార్ట్‌మెంట్ ర్యాంప్ మీద కాదు. మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో తిరగనిచ్చి ఆపెయ్యి, ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఆగు, పైన ఉన్న ఆయిల్ కిందకి దిగాలి, ఆపగానే చూస్తే తక్కువ చూపించి మోసం చేస్తుంది. డిప్ స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టు, మర తిప్పకుండా ఊరికే ఆనించు, చాలా బళ్ళకి పద్ధతి అదే, నీ మాన్యువల్లో ఎలా ఉందో ఒకసారి చూసుకో. తీసి చూస్తే పై గీతకీ కింద గీతకీ మధ్య ఉండాలి. పై గీత దాటి తడిసిందా, దొంగ దొరికాడు. డిప్ స్టిక్ బదులు ఇంజిన్ మీద ఆయిల్ కనపడే గాజు బిళ్ళ ఉన్న బండైతే ఇంకా సులువు, కానీ అప్పుడు కూడా బండి నిటారుగానే ఉండాలి. ఫోన్లో ఒక ఫోటో తీసి పెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ఎక్కువున్న ఆయిల్ తియ్యడానికి డ్రెయిన్ బోల్ట్ విప్పనక్కర్లేదు, మెడికల్ షాపులో 50 ఎంఎల్ సిరంజి ఒకటి, సెలైన్ ట్యూబ్ ఒకటి కొనుక్కో. ట్యూబ్ ముక్క కోసి సిరంజికి తగిలించి డిప్ స్టిక్ కన్నంలోంచి లాగేయొచ్చు, ఎంత తీసావో లెక్క కూడా తెలుస్తుంది. ఇంజిన్ మరీ వేడిగా ఉన్నప్పుడు చెయ్యకు, ట్యూబ్ మెత్తబడిపోతుంది, చెయ్యి కాలుతుంది. పై గీతకి కొంచెం కిందకి వచ్చాక ఆపెయ్యి. తీసిన ఆయిల్ మాత్రం కాలవలో పోయకు నాయనా, సీసాలో పెట్టి ఏ షెడ్డులో ఇచ్చినా వాళ్ళ డ్రమ్ములో పోసుకుంటారు.

తర్వాత ఫిల్టర్. కాయితం ఫిల్టర్ అయితే ఆయిల్లో నానింది ఇంక పనికిరాదు, గాలి కొట్టినా పెట్రోల్లో ముంచినా పనికిరాదు, కొత్తది రెండు మూడొందలు, వేసేయ్. స్పాంజి ఫిల్టర్ అయితే కిరోసిన్‌లో గానీ సబ్బు నీళ్ళలో గానీ కడిగి, పిండి మెలి తిప్పకుండా అరచేతుల మధ్య నొక్కి, నీడలో పూర్తిగా ఆరాక కొంచెం ఆయిల్ రాసి, గట్టిగా నొక్కేసి పెట్టాలి. కొంతమంది ఈ స్పాంజికి గారె నూనెలో ముంచినట్టు ఆయిల్ పట్టించి పెడతారు, అదీ కారుతుంది, దాన్ని చూసి ఇంజిన్ పోయిందని కంగారు పడతారు. డబ్బా లోపల డీజిల్ గుడ్డతో తుడిచి ఆరనివ్వు, పెట్రోల్ మాత్రం వాడకు. బ్రీదర్ పైపు రెండు చివర్లా ఊడదీసి నోటితో ఊది చూడు, మధ్యలో మడత, పగులు, లోపల మడ్డి ఏమైనా ఉందేమో.

ఫిల్టర్ చోక్ అవ్వడం కూడా చిన్న విషయం కాదు, మన ఊళ్ళో మరీను. పోర్టు చుట్టుపక్కల, కాన్వెంట్ జంక్షన్, మల్కాపురం వైపు తిరిగే వాళ్ళకి నల్ల దుమ్ము, నీ రూట్లో లారీల దుమ్ము. ఫిల్టర్ మూసుకుపోతే ఇంజిన్ గాలి కోసం గట్టిగా లాగుతుంది, ఆ లాగుడుకి బ్రీదర్లోంచి ఆయిల్ తుంపర కూడా ఎక్కువొస్తుంది. కాబట్టి కంపెనీ బుక్కులో ఎన్ని కిలోమీటర్లని రాసినా నీలాంటి రోడ్ల మీద తిరిగేవాళ్ళు దానికి ముందే మార్చుకోవడం నయం.

డబ్బాలో చేరింది నల్ల ఆయిల్ కాకుండా పాల కాఫీ రంగులో మడ్డిలా ఉంటే అది వేరే సంగతి, నీది ఎయిర్ కూల్డ్, గాలికి చల్లబడే ఇంజిన్ కాబట్టి కూలెంట్ కలిసే ప్రశ్నే లేదు, వానాకాలం తేమ, లేదా వాటర్ సర్వీస్ కుర్రాడు ప్రెషర్ గన్‌తో సీటు కింద కొట్టిన నీళ్ళు. ఇంజిన్ బాగా వేడెక్కకుండా రెండేసి కిలోమీటర్లు తిరిగే బళ్ళకి ఇది ఎక్కువ, ఒకరోజు భీమిలి దాకా వెళ్ళొస్తే చాలావరకు ఆ తేమ ఆరిపోతుంది.

ఇదంతా అయ్యాక ప్లగ్ పెట్టి, సున్నా నుంచి లెక్క మొదలుపెట్టి 500 కిలోమీటర్లు తిరుగు, నీకు పదిహేను ఇరవై రోజుల డ్యూటీ. అప్పుడు ప్లగ్ తీసి వచ్చింది సిరంజితో కొలువు. ఐదు పది ఎంఎల్ లోపు వస్తే కేసు మూసెయ్. లెవెల్ సరిగ్గా ఉండి, పైపు బాగుండి, కొత్త ఫిల్టర్ ఉండి కూడా ముప్పై నలభై ఎంఎల్ వచ్చిందంటే అప్పుడు రింగుల మీద అనుమానం పెట్టుకోవడంలో న్యాయం ఉంది. అప్పుడు కూడా బోరుకి ముందు కంప్రెషన్ టెస్ట్. స్పార్క్ ప్లగ్ విప్పి గేజి పెట్టి కొలుస్తారు, అంకె తక్కువొస్తే ఆ స్పార్క్ ప్లగ్ కన్నంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ కొలుస్తారు, రెండోసారి అంకె బాగా పెరిగితే రింగులు, పెరక్కపోతే ఎక్కువగా వాల్వులు. పావుగంట పని. ఆటోనగర్‌లో గేజి ఉన్న ఇంజిన్ మెకానిక్‌ని వెతికి పట్టుకుంటే చేసేస్తాడు.

సర్వీస్ సెంటర్ వాళ్ళని నేను దొంగలనను. కౌంటర్లో ఉన్న అబ్బాయికి 48 వేలు తిరిగిన బండి కనపడింది, డబ్బాలో ఆయిల్ కనపడింది, రెండూ కలిపి బోరన్నాడు, అంతే. నువ్వు వాళ్ళని ఒకే ఒక్క ప్రశ్న అడుగు, "కంప్రెషన్ ఎంతొచ్చింది?" అని. కొలిచి చెప్తే వినాల్సిన మాటే. కొలవకుండా చెప్తే అది ఊహ, పదకొండు వేల ఐదొందల ఊహ. నిజంగానే రింగులని తేలినా దారి ఒక్కటే కాదు, సిలిండర్ గోడ బాగుంటే రింగులతో సరిపెట్టొచ్చు, గీతలు పడుంటే కొన్ని బళ్ళకి సిలిండర్ కోసి పెద్ద సైజు పిస్టన్ వేస్తారు, కోటింగ్ ఉన్న సిలిండర్ అయితే అలా కొయ్యలేరు, మొత్తం కిట్టే. పొగ లేకుండా కొద్దిగా ఆయిల్ తింటుంటే మాత్రం లెవెల్ చూసుకుంటూ ఇంకొక సంవత్సరం లాగే వాళ్ళు కూడా ఉన్నారు, అదేమీ నేరం కాదు, అయితే లెవెల్ చూడ్డం మర్చిపోతే ఇంజిన్ పట్టేస్తుంది, అప్పుడు పదకొండు వేలు సరిపోవు.

అమ్మేయమంటున్న మీ ఆవిడ మాట తీసిపారెయ్యకు. ఆవిడ బండి గురించి మాట్లాడ్డం లేదు, షీలానగర్ దగ్గర ఆ రాత్రి గురించి మాట్లాడుతోంది. అమ్మాలనుకున్నా ఇప్పుడు అమ్మకు, కొనేవాడు తెచ్చిన మెకానిక్ ముందు విప్పేది ఆ డబ్బానే, ఆయిల్ చూసి ఇంజిన్ పోయిందని అడ్డంగా బేరం తగ్గించేస్తాడు. ఐదొందల ఖర్చుతో బాగు చేసుకుని, నెల తిరిగి, అప్పటికీ ఆవిడకి ఎక్కడానికి భయం పోకపోతే మంచి రేటుకే అమ్ముకోవచ్చు.

ఇంక బావ. ఉత్తరం రెండుసార్లు చదివాను, ఒక్క విషయం ఎక్కడా కనపడలేదు. బండి జారిన సంగతి బావకి చెప్పావా? అక్కకి చెప్పావా? అమ్మ భయపడుతుందని ఎవరికీ చెప్పలేదని ఒక చోట రాసావు చూడు, అక్కడే ఉంది ముడి. వాళ్ళ వైపు నుంచి చూడు, ఆరేడేళ్ళు పైసా తీసుకోకుండా చేసిన మనిషి, బామ్మర్ది చెప్పాపెట్టకుండా కంపెనీకి పోయాడు, ఆ వార్త ఊళ్ళో ఇంకొకడి నోటి నుంచి వినాల్సొచ్చింది, మెకానిక్‌కి అంతకంటే పరువు తక్కువ పని ఇంకేముంటుంది. నువ్వు భయపడి వెళ్ళావని ఆయనకి తెలీదు, నమ్మకం లేక వెళ్ళావనుకుంటున్నాడు.

ఇక్కడ నీకు మూడు దార్లున్నాయి. మాట్లాడకుండా వేరే మెకానిక్‌ని పట్టుకోవచ్చు, బండికి ఏ నష్టమూ లేదు, కానీ సంక్రాంతికి అక్క ఇంటికి వెళ్ళినప్పుడు బండి ఎక్కడ పెట్టాలో ఆలోచించుకోవాల్సొస్తుంది. లేదా ఫోటో తీసుకెళ్ళి "నువ్వే ఎక్కువ పోసావు బావా" అని తిన్నగా అనొచ్చు, నిజమే అవుతుంది, కొంతమంది బావలు నవ్వి ఊరుకుంటారు కూడా, మీ బావ ఎలాంటివాడో నాకంటే నీకు తెలుసు, కానీ షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళ ముందు మాత్రం అనకు. నాకు నచ్చేది మూడోది. సాయంత్రం షెడ్డు మూసే వేళకి ఒక్కడివే వెళ్ళు, ముందు జారిన సంగతి చెప్పు, "మొన్న వానలో తను వెనకుండగా బండి జారింది బావా, బుర్ర పనిచెయ్యలేదు, నీకు చెప్పకుండా కంపెనీకి పోయాను, తప్పే" అను. తర్వాత వాళ్ళు బోరన్నారని చెప్పి, "నువ్వేమంటావు, ఒకసారి సెంటర్ స్టాండ్ మీద లెవెల్ చూద్దామా" అను. డిప్ స్టిక్ ఆయన చేతిలోనే ఉండాలి, నీ చేతిలో కాదు. పై గీత దాటి తడి కనపడితే ఇంక నువ్వు నోరు విప్పనక్కర్లేదు, ఇన్నేళ్ళు పానాలు పట్టిన మనిషి, అర్థమైపోతుంది. ఇలా చెయ్యాలనుకుంటే ఆదివారం నువ్వు ఆయిల్ లాగేయకు, ఫోటో తీసుకుని ఆపెయ్, లాగడం ఆయన చేత చేయించు.

అప్పటికీ ఆయన ఒప్పుకోకుండా "అదేం కాదు" అన్నాడనుకో, వాదించకు. వచ్చే ఆయిల్ చేంజికి డబ్బా నువ్వే కొనుక్కెళ్ళు, మాన్యువల్లో ఎంత రాసుంటే అంతే ఉన్న డబ్బా, అందులో గ్రేడ్ కూడా మాన్యువల్లో ఉన్నదే, డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందో లేదో చూసుకో, అది బైకు క్లచ్‌కి సరిపడే ఆయిల్ అని గుర్తు, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. డబ్బాలో లేనిది ఎవరూ పొయ్యలేరు కదా. లేబర్ కూడా ఇవ్వడం మొదలుపెట్టు, ఆయన వద్దంటాడు, మేనల్లుడి చేతిలో పెట్టు. డబ్బు తీసుకోకుండా చేసే పనిని ప్రశ్నించడం ఎవరికైనా కష్టమే, ఇన్నాళ్ళూ నీకు నోరు రాకపోవడానికి సగం కారణం అదే అని నా అనుమానం.

అక్కకి మాత్రం ఈ ఆయిలూ రింగులూ ఏమీ చెప్పకు, జారిన సంగతి ఒక్కటి చెప్పు, ఆవిడే అమ్మకీ బావకీ చెప్పాల్సిన రీతిలో చెప్పుకుంటుంది.

500 కిలోమీటర్ల తర్వాత సిరంజిలో ఎన్ని ఎంఎల్ వచ్చిందో రాయి, ఆ ఫోటో కూడా పంపు. బావ ఏమన్నాడో కూడా రాయి, నాకు దాని మీదే ఎక్కువ ఆసక్తి.